‘ముప్పు ఉన్న రోగి’ అని ఎవరిని రాయాలి? హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ థీసిస్ గురించి సలహా కావాలి

అడిగినవారు: మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక బోధనాసుపత్రిలో మైక్రోబయాలజీ ఎం.డి. మొదటి సంవత్సరం చదువుతున్నాను. ‘ముప్పు ఎక్కువగా ఉన్న రోగులలో హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ సోకిన తీరు’ అనే అంశం నా థీసిస్‌కు ఖాయమైంది. ప్రోటోకాల్‌ను (పరిశోధన ప్రణాళికను) ఎథిక్స్ కమిటీకి సమర్పించడానికి ఇంకా మూడు వారాల గడువు ఉంది. రాసుకున్నదాన్ని మళ్లీ చదివినప్పుడల్లా మూడు చోట్ల నా మనసు ఒప్పుకోవడం లేదు.

మొదటిది, ‘ముప్పు ఉన్న రోగి’ అనే మాటకు నిర్వచనం. పాత థీసిస్‌లు చూసి నేను తయారు చేసుకున్న పట్టికలో లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు, పురుషులతో సంబంధాలు గల పురుషులు, హిజ్రాలు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు, సూదితో మత్తుమందు తీసుకునేవారు పైన ఉన్నారు. డయాలసిస్ రోగులు, తలసీమియా పిల్లలు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారు కింద ఉన్నారు. వీరందరినీ ఒకే మాట కింద చేర్చి ఒకే శాతం లెక్క కడితే ఆ శాతం దేనికి సంబంధించినదో నాకే అర్థం కావడం లేదు.

ఈ అనుమానానికి కారణమైన సంగతి ఒకటి చెప్తాను. పిత్తాశయం ఆపరేషన్ కోసం పడమటి మండలాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు ఆపరేషనుకు ముందు చేసే మామూలు పరీక్షల్లో హెపటైటిస్ సి యాంటీబాడీ (ఆ వైరస్ సోకినప్పుడు దానికి ఎదురుగా శరీరం తయారు చేసే పదార్థం) కనిపించింది. నా పట్టికలోని ఏ వరుసలోనూ ఆమె లేరు. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, 1996లో గర్భసంచి తీసినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారనీ, మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి ఊళ్లోకి వచ్చే ఆయన చేత సూదులు వేయించుకున్నాననీ చెప్పారు. ఏనాడూ కామెర్లు రాలేదు కాబట్టి కాలేయం గురించి ఆమె ఆలోచించనే లేదు. చివర్లో ఆమె ‘నేనేం తప్పు చేసినాను తల్లీ?’ అని అడిగారు. నా పట్టికలో పైవరుసల్లో ఉన్నవారిని కూడా మనం చూసేది ఆ ‘తప్పు’ అనే చూపుతోనే కదా అని ఆ రాత్రి నాకు అనిపించింది.

రెండవది, డబ్బు. యాంటీబాడీ పరీక్ష వరకే మా విభాగంలో కిట్లు దొరుకుతాయి. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష (రక్తంలో వైరస్ ఇప్పుడు ఉందో లేదో చూసేది) చేయకుండా యాంటీబాడీ వచ్చినవారినే ‘హెపటైటిస్ సి ఉన్నవారు’గా రాస్తే సరిపోతుందా?

మూడవది, నమూనా పరిమాణం. వైరస్ 5 శాతం మందిలో ఉండవచ్చుననీ, 2 శాతం అటూ ఇటూ పొరపాటు ఉండవచ్చుననీ తీసుకుంటే 457 మంది చాలునని లెక్క తేలింది. ఈ 457 మందిలోనే రెండు వైరస్‌లూ కలిసి ఉన్నవారి గురించి, వాటి మధ్య సంబంధం గురించి కూడా రాయాలని ప్రోటోకాల్‌లో పెట్టాను. అది సబబేనా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత మైక్రోబయాలజీ ఆచార్యుడు, తిరుపతి

అమ్మా, ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నను ప్రోటోకాల్ దాకా తీసుకువచ్చారు, సంతోషం. మీ మొదటి సందేహమే అన్నిటికంటే ముఖ్యమైనది కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ఆ పట్టికను పక్కన పెట్టి, మనుషుల రకాలు రాసిన చోట వారి శరీరానికి జరిగిన సంగతులు రాయండి. రక్తం ఎక్కించుకున్నారా, ఏ సంవత్సరంలో ఎక్కించుకున్నారు. డయాలసిస్ ఎన్నేళ్లుగా జరుగుతోంది, ఎన్ని కేంద్రాలు మారారు. ఆసుపత్రి బయట సూదులూ సెలైన్లూ ఎక్కడ, ఎవరి చేత వేయించుకున్నారు. సూదీ సిరంజీ మరొకరితో పంచుకున్నారా. పచ్చబొట్టు ఎక్కడ పొడిపించుకున్నారు. కండోమ్ లేని లైంగిక సంబంధం ఉన్నదా. ఒక లారీ డ్రైవరు జీవితంలో వీటిలో ఏదీ లేకపోవచ్చు, మీ పెద్దావిడ జీవితంలో రెండు ఉన్నాయి. రక్తం ఎక్కించిన సంవత్సరం తప్పక అడగమనడానికి కారణముంది. మన దేశంలో దానం చేసిన రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష 1989లో తప్పనిసరి అయితే, హెపటైటిస్ సి పరీక్ష 2001లోగాని తప్పనిసరి కాలేదు. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించిందే 1989లో. 1996లో ఆమెకు రక్తం ఎక్కించినప్పుడు ఆ సీసాలకు ఈ పరీక్ష జరిగి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. ఆమె మళ్లీ వస్తే, తప్పు ఆమెది కాదని ఈ సంవత్సరాలు చూపించి చెప్పండి.

రెండు వైరస్‌లకూ ఒకే ముప్పు పట్టిక పెట్టడం మరో పొరపాటు. హెచ్‌ఐవీకి లైంగిక మార్గం రాచబాట. హెపటైటిస్ సికి రక్తమే ప్రధాన మార్గం, స్త్రీపురుషుల మధ్య లైంగికంగా అది సోకడం అరుదు. ఈ తేడా ఎంత పెద్దదో 2016లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి సమీక్షలో కనిపిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెపటైటిస్ సి యాంటీబాడీ సాధారణ జనం నుంచి తీసిన నమూనాల్లో 2.4 శాతం, పురుషులతో సంబంధాలు గల పురుషులలో 6.4 శాతం ఉండగా, సూదితో మత్తుమందు తీసుకునేవారిలో 82.4 శాతం ఉన్నట్లు అది లెక్కగట్టింది. ఇలాంటి గుంపులన్నిటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరి గురించీ ఏమీ చెప్పదు. గుంపుగుంపుకూ విడిగా రాయండి.

రెండు వైరస్‌లూ ఒకేచోట కలిసి కనిపిస్తే సూదిని అనుమానించాలని అనుభవం చెప్తోంది. కంబోడియాలోని రోకా అనే గ్రామంలో 2014 చివర్లో 200 మందికి పైగా హెచ్‌ఐవీ బయటపడినప్పుడు, వారిలో చాలామందికి హెపటైటిస్ సి కూడా ఉండటం దర్యాప్తు చేసినవారికి ఒక ముఖ్యమైన ఆనవాలైంది. అక్కడ అర్హత లేని ఒక వైద్యుడు సూదులను మళ్లీ మళ్లీ వాడినట్లు తేలింది. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో 2018లో ఇలాంటి సంఘటనే జరిగింది. ఆ ఊళ్లవారిలో ఎక్కువమంది మీ పాత పట్టికలోని పైవరుసలకు చెందినవారు కారు.

ఇక రెండవ ప్రశ్న. యాంటీబాడీ వచ్చినంత మాత్రాన ‘హెపటైటిస్ సి ఉన్నవారు’ అని రాయకండి, ‘యాంటీబాడీ రియాక్టివ్’ అని మాత్రమే రాయండి. వైరస్ సోకినవారిలో దాదాపు 30 శాతం మంది శరీరం ఏ మందూ లేకుండా ఆరు నెలల్లోపే దాన్ని వదిలించుకుంటుంది, యాంటీబాడీ మాత్రం ఆ తరువాతా మిగిలిపోతుంది. దీనికి తోడు తప్పుడు పాజిటివ్‌లు ఉంటాయి. ఒక లెక్క చూడండి. 98 శాతం సున్నితత్వం (ఉన్నవారిని పట్టుకునే శక్తి), 98 శాతం నిర్దిష్టత (లేనివారికి లేదని చెప్పే శక్తి) ఉన్న కిట్‌తో 1000 మందిని పరీక్షించారనీ, వారిలో నిజంగా 10 మందికే యాంటీబాడీ ఉందనీ అనుకుందాం. ఆ పదిమందీ ఇంచుమించుగా దొరుకుతారు, కానీ వారితో పాటు లేనివారు మరో 20 మంది పాజిటివ్‌గా బయటపడతారు. ముగ్గురిలో ఇద్దరికి అనవసరమైన భయం పెట్టినట్లు అవుతుంది. దేశవ్యాప్తంగా కుటుంబ ఆరోగ్య సర్వే నమూనాల ఆధారంగా 2021లో వెల్లడైన అంచనాలో హెపటైటిస్ సి యాంటీబాడీ 0.32 శాతమే కాబట్టి, సాధారణ ఓపీలో ఈ చిక్కు ఇంకా పెద్దదిగా ఉంటుంది.

డబ్బు విషయంలో మీరు అనుకున్నంత ఇబ్బంది లేదు. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అందరికీ అక్కరలేదు, యాంటీబాడీ వచ్చినవారికి చేస్తే చాలు. 457 మందిలో 5 శాతమంటే 23 మంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. దాని కింద ఈ పరీక్షా మందులూ ఉచితం. మీ గైడ్ ద్వారా ఆ కార్యక్రమపు చికిత్సా కేంద్రంతో ముందే మాట్లాడుకుని, మీ 23 మందిని అక్కడికి పంపే ఏర్పాటును ప్రోటోకాల్‌లోనే రాయండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) బాగా తగ్గినవారిలోనూ, డయాలసిస్ రోగుల్లోనూ యాంటీబాడీ తయారు కాకపోవచ్చు లేదా ఆలస్యం కావచ్చు. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగి కారణం తెలియనివారికి యాంటీబాడీ లేకపోయినా ఆర్‌ఎన్‌ఏ చేయించండి. చికిత్స మొదలయ్యే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి పరీక్ష కూడా జరగాలి, ఎందుకంటే సి వైరస్ మందులతో తగ్గుతున్నప్పుడు లోపల అణగి ఉన్న బి వైరస్ విజృంభించిన సందర్భాలున్నాయి.

మూడవదానికి క్లుప్తంగా చెప్తాను. మీ 457 మందిలో 5 శాతం మందికి హెచ్‌ఐవీ ఉండి, వారిలో 5 శాతం మందికి హెపటైటిస్ సి ఉందనుకుంటే, రెండూ ఉన్నవారు లెక్కకు ఒక్కరు వస్తారు. ఒక్కరితో సంబంధం నిరూపించలేము. సహసంక్రమణ (రెండూ కలిసి సోకడం) గురించే తెలుసుకోవాలంటే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి మందులిచ్చే) కేంద్రానికి వచ్చే హెచ్‌ఐవీ రోగులను మరో గుంపుగా తీసుకుని వారికి హెపటైటిస్ సి పరీక్ష చేయండి. 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం ఉంది కాబట్టి మన దగ్గర ఆ గుంపు చిన్నదేమీ కాదు. వంద మందిని పరీక్షించి ఒక్కరిలోనూ కనబడకపోతే ‘లేదు’ అని రాయకండి. అలాంటప్పుడు అసలు రేటు 3 శాతం దాకా ఉండే అవకాశాన్ని ఆ వంద మంది తోసిపుచ్చలేరు.

జవాబు 2: డయాలసిస్ టెక్నీషియన్, చిత్తూరు

మేడమ్, సార్ చెప్పిన వాటికి డయాలసిస్ వైపు నుంచి కొంత చేర్చాలని రాస్తున్నాను. ఈ పనిలో నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది.

మీ ఫారంలో ‘డయాలసిస్: అవును, కాదు’ అని ఒకే గడి పెడితే దానివల్ల ఏమీ తెలియదు. మా వైపు రోగులు ఒకేచోట ఉండరు. కొన్నాళ్లు చిత్తూరులో, పెద్ద డాక్టరు సలహా కోసం వెళ్లినప్పుడు రాయవేలూరులో, పిల్లల దగ్గర ఉన్నన్నాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో చేయించుకుంటారు. కాబట్టి మొదలుపెట్టిన సంవత్సరం, మారిన కేంద్రాల సంఖ్య, ఎక్కించిన రక్తం యూనిట్లు, వీటన్నిటికంటే ముఖ్యంగా చివరిసారి నెగటివ్ వచ్చిన తేదీ రాయించండి. నెగటివ్ తేదీ ఉంటే ఆ తరువాతే సోకిందని చెప్పగలరు. అది లేకపోతే డయాలసిస్‌కు రాకముందే ఉందో, ఇక్కడికి వచ్చాక సోకిందో చెప్పడానికి ఆధారం ఉండదు. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడూ, కొత్త కేంద్రానికి మారినప్పుడూ, ఆ తరువాత ఆరు నెలలకొకసారీ పరీక్ష చేయాలనీ, ఏఎల్‌టీని నెలనెలా చూడాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తాయి. ఆ పాత రికార్డులు మీ థీసిస్‌కు గని లాంటివి.

అందరూ యంత్రాన్ని అనుమానిస్తారు. పొర చిరగని డయలైజర్‌లో (యంత్రంలో రక్తాన్ని వడకట్టే భాగంలో) రంధ్రాలు ఈ వైరస్ దాటలేనంత చిన్నవి. నేను చూసినంతలో అసలు ప్రమాదం చేతులూ, గ్లవ్స్, ట్రాలీ, అన్నిటికంటే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సీసా. ఒకే సీసాలోంచి పలువురికి మందు తీసేటప్పుడు, వాడిన సూది ఒక్కసారి అందులోకి దిగిందంటే ఆ షిఫ్టులో మిగిలినవారందరికీ ముప్పే. ఇక ఎండిన రక్తపు మరకలో ఈ వైరస్ గది ఉష్ణోగ్రతలో వారాల తరబడి బతికి ఉండగలదని ప్రయోగశాలల్లో తేలింది. కంటికి కనిపించని మరక మంచం కమ్మీ మీద ఉంటే, దాన్ని ముట్టుకున్న చేతితోనే మరొకరి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చే రక్తనాళం) ముట్టుకుంటాము.

హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే గది, వేరే యంత్రం తప్పనిసరి. హెపటైటిస్ సికి, హెచ్‌ఐవీకి అది అవసరం లేదనీ, ప్రతి రోగి దగ్గరా జాగ్రత్తలు ఒకే తీరున పాటించడమే ముఖ్యమనీ అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్తుంది. మన దగ్గర చాలా యూనిట్లు సి ఉన్నవారికి వేరే యంత్రం పెట్టుకుంటాయి, దాన్ని నేను తప్పుపట్టను. అయితే యంత్రం వేరు చేశాము కదా అన్న ధీమాతో మిగిలిన యంత్రాల దగ్గర గ్లవ్స్ మార్చడం సడలితే కష్టం, ఎందుకంటే వైరస్ సోకి యాంటీబాడీ ఇంకా రాని రోగి ఆ ‘నెగటివ్’ వరుసలోనే కూర్చుని ఉంటారు. యాంటీబాడీ రావడానికి మామూలుగా 8 నుంచి 11 వారాలు పడుతుంది, ఆర్‌ఎన్‌ఏ అయితే ఒకటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది. అందువల్ల డయాలసిస్ గుంపుకు మాత్రం మొదటి నుంచే ఆర్‌ఎన్‌ఏ చేయగలిగితే మంచిదని నా అభిప్రాయం.

వీలైతే మమ్మల్ని కూడా ఒక గుంపుగా తీసుకోండి. సూది గుచ్చుకున్న సంగతి రిజిస్టరులో రాయడానికి మాలో చాలామంది వెనకాడతారు. హెచ్‌ఐవీ ఉన్న రక్తం సూదితో గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం. దానికి 72 గంటల్లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే, మొదలుపెట్టి 28 రోజులు వేసుకునే మందులున్నాయి. హెపటైటిస్ సికి అలా ముందే వేసుకునే మందూ లేదు, టీకా కూడా లేదు. గుచ్చుకున్న రోజే చెప్తేనే తరువాత పరీక్షలు చేసి, సోకితే వెంటనే చికిత్స చేయగలరు.

జవాబు 3: డయాలసిస్ రోగి, చిత్తూరు జిల్లా

అమ్మా, నేను డాక్టరును కాను, మామిడి తోట రైతును. మా అబ్బాయి ఈ చర్చ చూపించి, నీ సంగతి కూడా రాయి నాయనా అంటే చెప్పి రాయిస్తున్నాను.

కొన్నేళ్ల కిందట నేను డయాలసిస్ చేయించుకుంటున్న చోటికి మీలాంటి చదువుకునే పిల్లలు ఇద్దరు వచ్చి, పరిశోధన కోసమని చెప్పి మా అందరి దగ్గరా సంతకం తీసుకుని రక్తం తీసుకువెళ్లారు. ఏమి చూస్తారని అడిగితే ‘అన్నీ చూస్తాము’ అన్నారు. మళ్లీ వారు కనబడలేదు. ఎనిమిది నెలల తరువాత నేను వేరే కేంద్రానికి మారినప్పుడు అక్కడ చేసిన పరీక్షలో హెపటైటిస్ సి ఉందని తేలింది. ఆ పిల్లలు తీసిన రక్తంలో అది అప్పటికే ఉన్నదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఉండి ఉంటే ఎనిమిది నెలలు నా కాలేయం ఊరికే నష్టపోయినట్లే కదా. నా పక్క కుర్చీలో కూర్చున్నవారికి నా నుంచి ఏమైనా అంటిందేమోనన్న బాధ దానికంటే పెద్దది.

చికిత్స సంగతి చెప్పాలంటే, అది నేను భయపడినంత లేదు. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ అనే మాత్రలు రోజూ వేసుకున్నాను, 84 రోజులు. ప్రభుత్వ కార్యక్రమం కింద రూపాయి ఖర్చు కాలేదు. మాత్రలు అయిపోయిన 12 వారాల తరువాత చేసిన పరీక్షలో వైరస్ లేదని వచ్చింది, నయమైందని డాక్టరుగారు చెప్పారు. అయితే యాంటీబాడీ అనేది జీవితాంతం కనిపించవచ్చునట. ఈ సంగతి తెలియనివారు ఏ కొత్త చోటికి వెళ్లినా నా ఫైలు మీద ఎర్ర సిరాతో ‘సి పాజిటివ్’ అని రాస్తూనే ఉన్నారు. నయమైనవారికి ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయాలని మా డాక్టరుగారు ఒక చీటీ రాసి ఇచ్చారు, దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పాజిటివ్ వచ్చిన కొత్తలో ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు చేశారు. కలిసి తిన్నందువల్ల ఇది అంటదనీ, గడ్డం బ్లేడు, పళ్ల బ్రష్షు, గోళ్లు తీసే కత్తెర మాత్రం వేరుగా ఉంచుకోవాలనీ ఒక నర్సమ్మ మా కోడలికి ఓపికగా చెప్పిన తరువాతే మళ్లీ నలుగురితో కూర్చుని అన్నం తిన్నాను. నయమైతే కొండకు వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. కళ్యాణకట్టలో టోకెనుతో పాటు కొత్త బ్లేడు చేతికిచ్చినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషికో బ్లేడు అన్న సంగతి అక్కడికి వచ్చే ప్రతి పల్లెటూరివాడికీ తెలుసు, మనిషికో సూది అని గట్టిగా అడగడం మాత్రం మాకు ఇంకా అలవాటు కాలేదు.

మీరు నా రక్తం తీసుకుంటే తీసుకోండి తల్లీ, ఫలితం మాత్రం చెప్పండి.

అడిగినవారు: మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి

అయ్యా, మీ జవాబు చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. సార్‌కూ, చిత్తూరు అన్నగారికీ కృతజ్ఞతలు. వీటిని చదివిన తరువాత ఇంకొక సందేహం వచ్చింది. మా సీనియర్ ఒకరు, హెచ్‌ఐవీకి సమ్మతి తీసుకోవడం, కౌన్సెలింగ్ చేయడం పెద్ద పని కాబట్టి ల్యాబ్‌లో మిగిలిపోయిన సీరం (రక్తం నుంచి వేరు చేసిన ద్రవం) నమూనాల మీద పేర్లు తీసేసి పరీక్ష చేస్తే సరిపోతుందని సలహా ఇచ్చారు. చట్టం దీనికి ఒప్పుకుంటుందా?

జవాబు 4: ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్

మేడమ్, హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి విషయమంతా వివరించి సమ్మతి తీసుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదనీ, అతని మీద పరిశోధన చేయకూడదనీ ఆ చట్టం చెప్తుంది. పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగ్ ఉండాలి. మీ సీనియర్ చెప్పిన పద్ధతికి అందులో మినహాయింపు ఉన్నమాట నిజమే. వ్యాప్తిని అంచనా వేయడానికి, ఎవరిదో తెలుసుకునే వీలు లేని నమూనాల మీద చేసే పరీక్షకు సమ్మతి అక్కరలేదు. అయితే ఆ వీలు లేకపోవడమే ఇక్కడ చిక్కు. పేరు తీసేసిన నమూనాలో హెచ్‌ఐవీ వస్తే, అది ఎవరిదో మీరు ఇక ఎన్నటికీ కనుక్కోలేరు. రెండు వ్యాధులకూ ఉచితంగా మందులున్న ఈ రోజుల్లో, మన ఆసుపత్రి మెట్లెక్కి వచ్చిన రోగికి అతని జబ్బు సంగతి చెప్పలేని పద్ధతిని ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. పైన ఆ రైతుగారు రాసిన ఎనిమిది నెలలు అలాంటి పద్ధతి వల్ల ఇంకెందరికో వస్తాయి.

నా సలహా ఇది. పేరు బదులు కోడ్ నంబరు వాడండి, కోడ్‌నూ పేరునూ కలిపే పుస్తకాన్ని గైడ్ దగ్గర తాళం వేసి ఉంచండి. హెచ్‌ఐవీ పరీక్షను మా ఐసీటీసీ ద్వారానే చేయిస్తే కౌన్సెలింగ్, సమ్మతి, మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారణ అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి, పాజిటివ్ వచ్చినవారు అదే రోజు ఏఆర్‌టీ కేంద్రానికి చేరుతారు. హెపటైటిస్ సికి ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు, అయినా అదే మర్యాద పాటించండి. రెండింటికీ విడివిడిగా సమ్మతి అడగండి, ఎందుకంటే ఒకదానికి ఒప్పుకుని మరొకదానికి వద్దనే హక్కు రోగికి ఉంది. వద్దన్నవారి వైద్యంలో ఏ తేడా రాదని ఫారంలోనే రాసి ఉండాలి.

ప్రశ్నలు అడిగే తీరు గురించి కూడా ఒక మాట. లైంగిక సంబంధాల గురించి, మత్తుమందుల గురించి ఓపీ వరుసలో, కుటుంబసభ్యుల ఎదుట అడిగితే ఎవరూ నిజం చెప్పరు. తలుపు ఉన్న గది కావాలి. ‘మీరు అలాంటివారా’ అన్న ధ్వని రాకుండా, జరిగిన సంగతి మాత్రమే అడగాలి. పైన ఆచార్యులవారు మనుషుల రకాలు వద్దు, జరిగిన సంగతులు రాయమన్నది లెక్కకు ఎంత మంచిదో సంభాషణకూ అంత మంచిది. ‘ఆసుపత్రి బయట చివరిసారి సూది ఎప్పుడు వేయించుకున్నారు, సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పారా’ అని అడిగితే జనం నిస్సంకోచంగా చెప్తారు.

థీసిస్ అచ్చయ్యేటప్పుడు చిన్న అంకెల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఒక మండలం పేరు, ఒక వృత్తి, ఒక వయసు పక్కపక్కన పెట్టి ‘1’ అని రాస్తే, ఆ ఊరివాడు ఎవరైనా ఆ మనిషిని ఇట్టే పోల్చుకుంటాడు. రాష్ట్రంలో హెచ్‌ఐవీ ఉన్నవారు జబ్బుకంటే ఎక్కువగా భయపడేది ఊళ్లో తెలిసిపోతుందనే. మండలాల పేర్లు వదిలేసి జిల్లా వరకే రాయండి, వయసును పదేళ్ల వరుసల్లో పెట్టండి.

ఏఆర్‌టీ రోగులను గుంపుగా తీసుకుంటే వారి మందుల వివరం కూడా నమోదు చేసుకోండి. ఇప్పుడు ఎక్కువమంది డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర వాడుతున్నారు కాబట్టి హెపటైటిస్ సి మందులతో చిక్కు తక్కువ. పాత ఎఫావిరెంజ్ మీద ఇంకా ఉన్నవారికి డక్లాటాస్విర్ మోతాదు పెంచవలసి ఉంటుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి ఈ మాత్రలు ఇవ్వకూడదు, క్షయ చికిత్స ముగిసేదాకా ఆగాలి. హెచ్‌ఐవీ కూడా ఉన్నవారిలో కాలేయం త్వరగా గట్టిపడుతుంది. గర్భిణి అయితే బిడ్డకు హెపటైటిస్ సి సోకే అవకాశం సుమారు 5 శాతం నుంచి రెట్టింపు అవుతుంది. అందుకే రెండూ ఉన్న ఒక్క మనిషి దొరికినా, అంకెల్లో చిన్నదని వదలకండి, వెంటనే నాలాంటివారికి చెప్పండి.

అడిగినవారు: మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి

ప్రోటోకాల్ మళ్లీ రాశాను. మనుషుల పట్టిక తీసేసి, జరిగిన సంగతుల పట్టిక పెట్టాను. రక్తం ఎక్కించిన సంవత్సరాన్ని 2001కి ముందు, తరువాత అని రెండుగా విడదీశాను. డయాలసిస్ గుంపు, ఏఆర్‌టీ గుంపు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి గుంపు విడివిడిగా ఉంటాయి, వాటిని కలిపి ఒక శాతం రాయను. డయాలసిస్ గుంపుకు మొదటి నుంచే ఆర్‌ఎన్‌ఏ చేయడానికి మా గైడ్ ఒప్పుకున్నారు. మిగిలిపోయిన సీరం ఆలోచన వదిలేశాను. సంబంధం నిరూపిస్తానన్న వాక్యాన్ని కూడా కొట్టేశాను.

డేటా పట్టికలో చివరి గడిగా ‘ఫలితం రోగికి చెప్పిన తేదీ’ అని చేర్చాను. ఆ గడి నిండని రోగి వివరాలను విశ్లేషణలోకి తీసుకోకూడదని నాకు నేను నియమం పెట్టుకుంటే, లెక్క ఒకవైపు ఒరిగిపోతుందని మా గణాంకాల మేడమ్ హెచ్చరించారు. అందుకే విశ్లేషణలో అందరూ ఉంటారు, ఆ గడి నిండేదాకా నా థీసిస్ పూర్తి కాదని మాత్రం రాసుకున్నాను.

ఆ పెద్దావిడ ఆర్‌ఎన్‌ఏ ఫలితం నిన్న వచ్చింది, వైరస్ ఉంది. హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ బి లేదు. ఫోనులో 1996 గురించీ 2001 గురించీ వివరంగా చెప్పాను. సోమవారం పొద్దున కొడుకుతో కలిసి మొదటి బస్సుకు వస్తామన్నారు.